బరువు మీద బిగించాలి

బాగుచేసి పంపిన కారు వారం తిరక్కుండానే మళ్ళీ వచ్చి షెడ్డు ముందు ఆగింది. దాన్ని చూడగానే మేస్త్రికి ఒళ్ళు మండింది. కారు మీద కాదు, తెచ్చినావిడ మీదా కాదు. తన చేతిలోంచి వెళ్ళిన బండి ఇలా తిరిగి రావడం ముప్పై ఏళ్ళ పనిలో నాలుగైదుసార్లకి మించి జరిగి ఉండదు. అదీ ఎప్పుడొచ్చింది? టాక్సీ డ్రైవర్లిద్దరు బల్ల మీద కూర్చుని టీ తాగుతున్నప్పుడు, పట్టపగలు, పదిమందీ చూసేట్టు వచ్చింది.

సంగీతం టీచరు తలుపు తీసుకుని దిగింది. ఇళ్ళకి వెళ్ళి పిల్లలకి పాట నేర్పుతుందావిడ. రోజూ మూడు బస్సులు మారలేక ఈమధ్యే ఆ పాత కారు కొనుక్కుంది. అదే మొదటి కారు కావడంతో ఎక్కడ ఆపినా నాలుగడుగులు వేసి ఒకసారి వెనక్కి తిరిగి చూసుకుంటుంది. పోయినసారి వచ్చినప్పుడు ముందు చక్రాల దగ్గర టక్ టక్‌మంటోందంది. మేస్త్రి పది గజాలు నడిపి, "ఆర్మ్ బుష్‌లు పోయాయమ్మా" అని, రెండువైపులా చక్రాలని పట్టి ఉంచే ఆర్మ్‌లే బుష్‌లతో సహా కొత్తవి వేసి పంపాడు.

"శబ్దం పోలేదండి మేస్త్రిగారూ," అంది.

"పోకపోవడమేంటమ్మా? రెండు ఆర్మ్‌లూ కొత్తవేగా!"

"పోలేదంటే, మారింది. అప్పుడు టక్‌మనేది. ఇప్పుడు కిర్‌ర్ అంటోంది. స్పీడ్ బ్రేకర్ ఎక్కేటప్పుడు అనదు, దిగేటప్పుడే అంటుంది. ఎడమవైపే."

బల్ల మీద లావుపాటి డ్రైవరు టీ గ్లాసు కింద పెట్టాడు. "మేస్త్రీ, నీ చెవికి పోటీ వచ్చింది చూసుకో," అన్నాడు.

రెండోవాడు నవ్వాడు. మేస్త్రి కూడా నవ్వాడు గానీ ఆ నవ్వు పెదాల దగ్గరే ఆగిపోయింది. ఆ వీధి మొత్తానికి చెవి అంటే ఆయన చెవే. బండి గేటు దాటి లోపలికి రాకముందే రోగం చెప్పేస్తాడని పేరు. అలాంటి మనిషికి పాఠాలు చెప్పుకునే ఆవిడ వచ్చి ఎక్కేటప్పుడు కాదు, దిగేటప్పుడు అని చెబుతుంటే తల కొట్టేసినట్టయింది.

ఆవిడ పక్కన కూర్చుని వీధి చివరిదాకా వెళ్ళొచ్చాడు. స్పీడ్ బ్రేకర్ దిగుతుంటే ముందు ఎడమవైపు నుంచి వినపడింది. కిర్‌ర్. సరిగ్గా ఆవిడ చెప్పినట్టే.

షెడ్డులోకి తెచ్చి బానెట్ లేపాడు. కింది పని తను చేశాడు. ఆర్మ్‌లు మార్చింది తనే, వాటి బోల్టులు బిగించింది తనే. పైన స్ప్రింగు తలకి ఉండే నట్లు మాత్రం బావమరిదికి వదిలాడు. తను చేసిన చోట తప్పు ఉండదు. కాబట్టి తప్పు పైన ఉండాలి. ఇంత తేలిగ్గా లెక్క తేలిపోయాక మేస్త్రి ఇంక కిందికి వంగి చూడలేదు.

ఆ బావమరిదిని షెడ్డులో అందరూ నెమ్మది అంటారు. భార్యకి సొంత తమ్ముడు. నలభైకి దగ్గరపడ్డాడు, పదకొండేళ్ళుగా ఇక్కడే పని. ఒక నట్టు బిగించాడంటే దాని మీద తెల్లరంగు పెన్నుతో గీత గీస్తాడు, సగం నట్టు మీద, సగం పక్కన రేకు మీద పడేట్టు. నట్టు వెంట్రుకవాసి కదిలినా గీత విరిగిపోతుంది. గీత గీసేదాకా ఎంతసేపు పట్టినా పట్టించుకోడు. గీశాక మళ్ళీ దాని వంక చూడడు. నెమ్మది బిగించిన నట్టు విప్పాలంటే మళ్ళీ నెమ్మదినే పిలవాలని టాక్సీవాళ్ళు ఎగతాళి చేస్తుంటారు.

ఎడమవైపు నట్టు మీద దుమ్ము తుడిచాడు మేస్త్రి. గీత కనిపించింది. తిన్నగా ఉంది, దారం లాగినట్టు. ఆయన చూశాడు. స్పానర్ వేసి నొక్కాడు. కదల్లేదు. ఒక్క క్షణం అలాగే ఆగాడు. వెనకనుంచి లావుపాటి డ్రైవరు, "ఏం దొరికింది మేస్త్రీ?" అన్నాడు.

మేస్త్రి స్పానర్‌కి రెండు మూరల ఇనప గొట్టం తొడిగి, విప్పే వైపుకి ఒళ్ళంతా వేసి వాలాడు. ఎంత బిగించిన నట్టయినా అంత బరువు వేస్తే తిరగకపోదు. అది కూడా మూలిగి, పావు చుట్టు తిరిగింది. గీత రెండు ముక్కలైంది. గొట్టం తీసి కాలితో బండి కిందికి నెట్టాడు.

"ఏయ్, ఇలా రా," అని కేకేశాడు.

పెరట్లో ఏదో విడిభాగం కడుగుతున్న నెమ్మది చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

"చూడు. పావు చుట్టు వదులు. నీ గీతే చెబుతోంది."

నెమ్మది వంగి చూశాడు. చాలాసేపు చూశాడు. బొటనవేలు గీత మీద పెట్టి, పై ముక్కనీ కింది ముక్కనీ తడిమాడు.

మేస్త్రి టీచరు వైపు తిరిగాడు. "ఇది నా చేతి పని కాదమ్మా. పై నట్టు మా బావమరిది బిగించాడు. బండి ముందు బరువంతా ఆనేది దీని మీదే. ఇది ఊడితే స్టీరింగు మన మాట వినదు. ఇలాంటి చేత్తో బండ్లు ముట్టుకుంటే మనుషులు పోతారు."

ఆ చివరి మాట అనాల్సింది కాదు. నోట్లోంచి వచ్చాక ఆయనకే కాస్త ఎక్కువనిపించింది. కానీ ఆగిపోతే అన్నదంతా చులకనైపోతుందని, "సొంతవాడని ఊరుకోబట్టే ఇలా తయారైంది," అని ఇంకోటి కూడా తగిలించాడు.

"నెమ్మది బిగించిన నట్టు వదులవడమేంటి?" అన్నాడు రెండో డ్రైవరు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

"నేనే బిగించాను బావా," అన్నాడు నెమ్మది.

మేస్త్రి నట్టు మళ్ళీ బిగించి, కారుని చుట్టూ ఒక రౌండు తిప్పుకొచ్చాడు, స్పీడ్ బ్రేకర్ లేని వీధిలోంచి. శబ్దం రాలేదు. టీచరు కారెక్కుతూ నెమ్మది వైపు ఒకసారి చూసి వెళ్ళిపోయింది. సాయంత్రం నెమ్మది, బండ్ల కింద పని చేసుకునే గొయ్యిలో నూనె మరకలన్నీ పొట్టు చల్లి తుడిచాడు. స్పానర్లని చిన్నదాన్నుంచి పెద్దదానిదాకా వరసలో తగిలించాడు. చెప్పకుండానే వెళ్ళిపోయాడు. అది కోపమని మేస్త్రి అనుకున్నాడు. తెల్లారితే చల్లారుతుందనుకున్నాడు.

ఇంటికి వెళ్ళేసరికి భార్య వంటింట్లో ఉంది. మామూలుగా ఆయన చెప్పుల చప్పుడు వినగానే, "ఇవాళ ఏం విరిచారు?" అని అడుగుతుంది. ఆ రోజు అడగలేదు.

"తమ్ముడు వచ్చి వెళ్ళాడు," అంది పళ్ళెం పెట్టి. "రేపట్నుంచి రాడట."

"ఎందుకట?"

"మీకు తెలుసన్నాడు. నేను గుచ్చి గుచ్చి అడిగినా అంతే. మంచినీళ్ళిస్తే గ్లాసు పట్టుకుని కూర్చున్నాడు, తాగలేదు. ఉన్నంతసేపూ చేతుల వంకే చూసుకున్నాడు. దెబ్బేమైనా తగిలిందా వాడికి?"

"దెబ్బేం లేదు."

"మరేమైంది?"

"పనిలో తప్పు చేశాడు. ఒక మాటన్నాను. ఆ మాత్రం అనే హక్కు నాకు లేదా?"

"ఉంది," అంది ఆవిడ. ఆ తర్వాత అన్నం వడ్డించి, తను కూర్చోకుండా, పొయ్యి దగ్గరికి వెళ్ళి అటు తిరిగి నిలబడింది. ఆ ఇంట్లో ఆవిడ పోట్లాడితే ఆయనకి భయం లేదు. పోట్లాడకపోతేనే ముద్ద దిగదు.

మంగళవారం నెమ్మది రాలేదు. బుధవారమూ రాలేదు. మేస్త్రి బండి కింద పడుకుని అలవాటు చొప్పున చెయ్యి చాపి, "పన్నెండు," అన్నాడు. పన్నెండో నంబరు స్పానర్ చేతిలో పడలేదు. ఖాళీ చెయ్యి కాసేపు అలాగే గాలిలో ఉండిపోయింది. బయటికి పాక్కుంటూ వచ్చి, స్పానర్ తీసుకుని, మళ్ళీ పాక్కుంటూ లోపలికి వెళ్ళాడు. పదకొండేళ్ళలో తను ఎన్నిసార్లు అలా చెయ్యి చాపాడో, ఎన్నిసార్లు అడగకముందే అందిందో ఇప్పుడు తెలిసొచ్చింది. అయినా బెట్టు వదల్లేదు. వస్తే వస్తాడు, రాకపోతే లేదు అని పైకే అనేశాడు. వినడానికి అక్కడ ఎవరూ లేరు.

లావుపాటి డ్రైవరే ఆ కబురూ మోసుకొచ్చాడు. "మీ నెమ్మది పెద్దరోడ్డు మీద టైర్ల కొట్లో గాలి కొడుతున్నాడు. చూశావా?"

"గాలా?"

"గాలే. ఇంజన్ విప్పి చాప మీద పరిచి మళ్ళీ బిగించేవాడు. గాలి కొడుతున్నాడు."

మేస్త్రి మళ్ళీ బండి కిందికి పాక్కుంటూ వెళ్ళాడు.

గురువారం పదకొండింటికి సంగీతం టీచరు మళ్ళీ వచ్చింది. ఈసారి కారు గేటు బయటే ఆపింది. దిగి, తిన్నగా మేస్త్రి దగ్గరికి వచ్చింది.

"ఈ కారు అమ్మేస్తున్నానండి. రేపు చూడ్డానికి వస్తున్నారు. మీకు చెప్పకుండా ఊరుకుందామనే అనుకున్నాను. కానీ ఆ రోజు ఆయన్ని నా ముందు అన్నేసి మాటలన్నారు. మనసొప్పక వచ్చాను. శబ్దం అక్కడిది కాదు."

"పోలేదా?"

"మర్నాడే మళ్ళీ మొదలైంది. పైనుంచి రావట్లేదండీ. కిందనుంచి, పక్క సీట్లో కూర్చున్నవాళ్ళ పాదాల దగ్గర్నుంచి వస్తోంది. నేను విన్నాను. ఇరవైమంది పిల్లలు కలిసి పాడుతుంటే ఎవరి గొంతు తప్పిందో వినిపించాలి నాకు. ఎవరో ఒకర్ని అనేస్తే కుదరదు."

ఆవిడ గొంతు పెంచలేదు. అయినా మేస్త్రి చెంప ఛెళ్ళుమంది.

"లోపలికి తెండమ్మా," అన్నాడు.

కారుని గొయ్యి మీద నిలబెట్టారు. మేస్త్రి గొయ్యిలోకి దిగి, "ముందు మూల మీద రెండు చేతులూ పెట్టి నొక్కి వదలండి," అన్నాడు. ఆవిడ నొక్కింది. బండి దిగి లేచింది. కిర్‌ర్.

పొడుగాటి స్క్రూడ్రైవరు తీసుకుని, దాని పిడి చెవికి ఆనించుకుని, మొన స్ప్రింగు మీద పెట్టాడు. "నొక్కండి." నిశ్శబ్దం. షాక్ అబ్జార్బర్ మీద పెట్టాడు. ఏమీ లేదు. రెండువైపులనీ కలిపే అడ్డకడ్డీ చివర పెట్టాడు. ఏమీ లేదు. "ఇంకొక్కసారి అమ్మా." ఆర్మ్ మొదట్లో, బుష్ బోల్టు తల మీద పెట్టాడు. ఆవిడ నొక్కగానే శబ్దం ఇనుము వెంట పాకి నేరుగా చెవిలోకి వచ్చింది. మేస్త్రి స్క్రూడ్రైవరు కిందికి దించాడు. మూడు రోజుల కిందట ఈ గొయ్యిలోకి దిగి ఉంటే రెండు నిమిషాల పని.

స్పానర్ వేసి బోల్టు వదులు చేశాడు. సగం చుట్టు తిరిగిందో లేదో, ఆర్మ్ ఠప్పుమని తనంతట తానే కదిలి సర్దుకుంది, అన్నాళ్ళుగా ఎవరో చెయ్యి మెలిపెట్టి పట్టుకున్నట్టు.

మేస్త్రి స్పానర్ కింద పెట్టాడు. గొయ్యి గోడకి ఆనుకున్నాడు.

బుష్ అంటే రబ్బరు. బండిని జాకీ మీద లేపినప్పుడు చక్రాలు వేలాడతాయి, ఆర్మ్ కిందికి వాలుతుంది. ఆ వాలులోనే బోల్టు బిగిస్తే రబ్బరు అక్కడే పట్టుబడిపోతుంది. బండి నేల మీదికి దిగగానే మెలి తిరిగి, గుంట పడ్డప్పుడల్లా మూలుగుతుంది. అందుకే ముందు దించాలి. బరువంతా చక్రాల మీద పడ్డాక, గొయ్యిలోంచి ఆ బోల్టు బిగించాలి. బరువు మీద బిగించాలి. నెమ్మది పనిలో చేరిన మొదటి వారం మేస్త్రి చెప్పిన మొదటి మాట అదే. చెప్పినవాడే ఆర్మ్‌లు మార్చిన రోజు గేటు దగ్గర ఇంకెవరో హారన్ మోగిస్తుంటే తొందరపడి గాల్లోనే బిగించేశాడు. పై నట్లు చూసి దించెయ్యమని బావమరిదికి చెప్పి వెళ్ళిపోయాడు.

"దొరికిందా?" అంది టీచరు పైనుంచి.

"దొరికిందమ్మా. ఇంకోవైపు కూడా ఇలాగే ఉంటుంది. చూసి చెబుతాను."

కుడివైపుకి జరిగాడు. రెండూ తనే బిగించాడు, రెండూ ఒకేసారి బిగించాడు. అదీ ఇవాళో రేపో మూలగాల్సిందే. స్పానర్ వేసి వదులు చేశాడు. ఆర్మ్ కదల్లేదు. రబ్బరు సర్దుకోలేదు. ఎక్కడ ఉండాలో అక్కడే ఉంది. నమ్మలేక దీపం దగ్గరికి పెట్టి చూశాడు.

బోల్టు తల మీద తెల్ల గీత ఉంది. ఇప్పుడు తను తిప్పడంతో విరిగిన గీత.

మళ్ళీ ఎడమవైపుకి వెళ్ళి చూశాడు. గీత లేదు. అప్పుడు గుర్తొచ్చింది. ఆ రోజు బండి కిందికి దించాక కూడా నెమ్మది గొయ్యిలోనే ఉన్నాడు. ఈవిడ అప్పటికే వచ్చి నిలబడి ఉంది. "ఇంకా కింద ఏం చేస్తున్నావు? అయిపోయిన పనికి ముద్దులు పెడుతున్నావా?" అని తను కేకేశాడు. "ఒక్క నిమిషం బావా, ఇంకోవైపు కూడా..." అంటూ నెమ్మది తల పైకెత్తాడు. ఈవిణ్ణి చూశాడు. నోరు మూసుకున్నాడు. "ఏ వైపూ లేదు, పైకి రా," అన్నాడు తను. వచ్చేశాడు.

బండి తెచ్చినావిడ ముందు బావ తప్పు బయటపెట్టడం ఇష్టంలేక వచ్చేశాడు. అదే ఆవిడ ముందు బావ ఏం చేశాడు?

మేస్త్రి రెండు బోల్టులూ బరువు మీద బిగించాడు. నిదానంగా బిగించాడు. పైకి వచ్చి కారు తీసి, ఈసారి స్పీడ్ బ్రేకర్లున్న వీధిలోనే నాలుగుసార్లు తిప్పాడు. చప్పుడు లేదు. టీచరు తల పక్కకి వంచి వింది.

"ఎవరి తప్పండీ?" అంది చివరికి.

"నాదమ్మా."

"ఆయనకి చెప్పారా?"

"చెబుతాను."

ఆవిడ తల ఊపింది. కారు అమ్మే సంగతి మళ్ళీ ఎత్తలేదు.

శుక్రవారం మేస్త్రి షెడ్డు తెరవలేదు. ఉతికిన చొక్కా వేసుకుని, ఏమని మొదలుపెట్టాలో దారి పొడుగునా కూడబలుక్కుంటూ పెద్దరోడ్డు దాకా నడిచాడు. "గొయ్యిలోకి దిగి చూశాను. నాదే తప్పు" అని మొదలుపెడదామనుకున్నాడు. అది బానే ఉందనిపించింది. ఎవరికైనా జరిగే పొరపాటే. తొందరలో జరిగింది. వాడు అర్థం చేసుకుంటాడు.

టైర్ల కొట్టు ముందు ఒక వ్యాను నిలబడి ఉంది. నెమ్మది దాని వెనక చక్రం దగ్గర గొంతుక్కూర్చుని నట్లు బిగిస్తున్నాడు. ఒకటి బిగించి, దానికెదురుగా ఉన్నది బిగించి, అలా అయిదూ అయ్యాక మళ్ళీ మొదటిదాని దగ్గరికి వచ్చాడు. అయిదూ చూశాడు. లేచాడు. రెండడుగులు వేసి ఆగాడు. వెనక్కి వచ్చి మళ్ళీ కూర్చున్నాడు. తెల్లరంగు పెన్ను ఎక్కడా కనిపించలేదు.

"ఎన్నిసార్లయ్యా బాబూ?" అన్నాడు వ్యాను డ్రైవరు.

కొట్టు యజమాని మేస్త్రిని గుర్తుపట్టి దగ్గరికి వచ్చాడు. "మనిషి బంగారమే గానీ చాదస్తం మేస్త్రీ. నిన్న బండి కదిలి వెళ్ళిపోతుంటే వెనక పరిగెత్తి ఆపించాడు, నట్లు ఇంకోసారి చూస్తానని. నీ దగ్గర కూడా ఇంతేనా?"

"నా దగ్గర ఇలా ఉండేవాడు కాదు," అన్నాడు మేస్త్రి.

నెమ్మది చూశాడు. కోపం లేదు మొహంలో. "నువ్వా బావా! రా, నీడలోకి రా," అని స్టూలు మీద దుమ్ము తువ్వాలుతో దులిపి వేశాడు. దానికి మేస్త్రి సిద్ధపడి రాలేదు.

"ఆ కారు గొయ్యి మీద పెట్టి చూశాను," అన్నాడు. "ఎడమ బుష్."

"అవును బావా, ఎడమవైపు ఉండిపోయింది."

"నీకు తెలుసుగా. ఎందుకు చెప్పలేదు?"

"ఆవిడ అక్కడే ఉంది కదా. సాయంత్రం చెబుదామనుకున్నాను. ఈలోగా బండి వెళ్ళిపోయింది. ఎలాగూ మళ్ళీ వస్తుందిలే, అప్పుడు చూసేద్దామనుకున్నాను."

"వచ్చిందిగా. మొన్న సోమవారం అందరి ముందూ నిన్నన్నప్పుడైనా చెప్పాల్సింది."

"ఏం మొహం పెట్టుకుని చెప్పను?" అన్నాడు నెమ్మది. "నా నట్టు కూడా తిరిగింది కదా బావా."

మేస్త్రి తలొంచుకుని చొక్కా అంచు సర్దుకున్నాడు.

"బుష్ సంగతి వదిలెయ్. తొందరలో ఎవరికైనా జరుగుతుంది. నట్టు సంగతే నాకు అంతు పట్టట్లేదు. బిగించినట్టే గుర్తు. గీత గీసినట్టే గుర్తు. అయినా పావు చుట్టు వదులుందంటే నాకు గుర్తున్నవన్నీ ఉత్తివే కదా? ఇప్పుడు ఏది బిగించినా బిగిసిందో లేదో తెలియట్లేదు. గాలైతే నయం, మీటరు చెబుతుంది." చేతులు ఒళ్ళో పెట్టుకుని వాటి వంక చూశాడు. "నాలుగు రోజులు పోయాక వద్దామనే అనుకుంటున్నాను బావా. వస్తే మళ్ళీ మొదట్నుంచి నేర్పుతావా? స్పానర్ పట్టుకోవడం దగ్గర్నుంచి."

మేస్త్రి చేయాల్సిందల్లా తల ఊపడమే. ఊపితే సోమవారానికల్లా నెమ్మది షెడ్డులో ఉంటాడు. పన్నెండో నంబరు స్పానర్ అడక్కముందే చేతిలో పడుతుంది. ఇంట్లో ఆవిడ మళ్ళీ మాట్లాడుతుంది. తను చెబుదామని వచ్చిన తప్పు చెప్పేశాడు, వాడు క్షమించేశాడు కూడా. ఇంతకంటే ఏం కావాలి? కానీ ఎదురుగా ఆ చేతులు కనిపిస్తున్నాయి. తన పిల్లల తొట్టెకి కొక్కేలు బిగించిన చేతులు, తన సొంత బండికి బ్రేకులు వేసిన చేతులు. వాటిలో పనికిరానిదేమీ లేదు.

"ఆ నట్టు బిగుతుగానే ఉంది," అన్నాడు.

నెమ్మది తలెత్తాడు.

"స్పానర్‌కి కదల్లేదు. గొట్టం తొడిగి నేనే తిప్పాను."

"గొట్టమా?"

"రెండు మూరలది. నువ్వు వచ్చేలోపు బండి కిందికి తోసేశాను."

"తిప్పకముందు గీత చూశావా బావా?"

అబద్ధం చెప్పడానికి అదే ఆఖరి చోటు. "చూశాను," అన్నాడు మేస్త్రి. "చెదరలేదు."

వ్యాను డ్రైవరు హారన్ కొట్టాడు. నెమ్మది లేచి వెళ్ళి, మిగిలిన ముందు చక్రం నట్లు అయిదూ బిగించాడు. ఒక్కసారే. స్పానర్ పెట్టెలో పడేసి, వెళ్ళమని వ్యాను తలుపు మీద చేత్తో తట్టాడు. అది కదిలి వెళ్ళిపోతుంటే దాని వంక చూడనైనా చూడలేదు.

మేస్త్రికి ప్రాణం లేచొచ్చింది. "సోమవారం వచ్చెయ్," అన్నాడు. "ఆ టీచరునీ, ఆ టాక్సీవాళ్ళనీ పిలిచి అందరి ముందూ చెబుతాను."

"వద్దు బావా. నేను రాను."

"కోపమా?"

"కోపమైతే సోమవారమే అక్కడే పోట్లాడేవాణ్ణి." నెమ్మది తువ్వాలుతో ఒక్కో వేలూ తుడుచుకున్నాడు. "తప్పు నాదనుకున్నంతసేపూ నీ దగ్గరికి వచ్చి నేర్చుకోవాలనిపించింది. ఇప్పుడు దేనికి రాను?"

అందులో దెప్పిపొడుపు లేదు. నిజంగానే అడిగాడు. కొట్టు యజమాని నెమ్మదిని పిలిచాడు, నెమ్మది వెళ్ళాడు.

మేస్త్రి ఇల్లు చేరేసరికి మధ్యాహ్నం దాటింది. భార్య గుమ్మంలో కూర్చుని బట్టలు మడత పెడుతోంది. ఎక్కడికి వెళ్ళాడో ఎవరు చెప్పారో గానీ ఆవిడకి తెలుసు.

"వస్తానన్నాడా?"

"రానన్నాడు."

ఆయన నిలబడే అంతా చెప్పాడు. బుష్ సంగతి, గొట్టం సంగతి, గీత సంగతి. ఏదీ దాచుకోలేదు. ఆవిడ చొక్కా మడత సగంలో ఆపేసి వింది.

"నట్టు గట్టిగానే ఉందని వాడితో చెప్పారా?"

"చెప్పాను."

"మీ నోటితోనే?"

"నా నోటితోనే."

ఆవిడ ఊపిరి వదిలింది. "సోమవారం నుంచి కన్ను మూయట్లేదని మరదలు ఏడ్చింది. ఇవాళ పడుకుంటాడు," అంది. చొక్కా మడత పూర్తి చేసి, పక్కన పెట్టి, ఇంకోటి తీసుకుంది. ఆయన సంగతి ఏమీ అడగలేదు. మేస్త్రి చెప్పులు విప్పి, ఆవిణ్ణి దాటుకుని లోపలికి వెళ్ళాడు.